ఎప్పుడూ రెండో బేరమే

టీచరమ్మ పోయిందని నాకు చెప్పింది మా వీధి మొగదల పూలమ్మే అక్క. ఆ పొద్దున నేను అంగడి షట్టరు ఎత్తి వాకిట్లో నీళ్లు చల్లుతున్నాను. ఆమె తల మీది బుట్ట కూడా దింపలేదు. "పాపా, టీచరమ్మ లేదంట. తెల్లారుజామున నిద్దర్లోనే పోయిందంట. తమ్ముడి కొడుకు వచ్చి ఉండాడు" అంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "నిన్న నాకు బోణీ చేసింది ఆమేనమ్మా. దేవుడి పటానికని రెండు మూరలు కనకాంబరాలు తీసుకునింది. పన్నెండుకల్లా బుట్ట ఖాళీ" అని కొంగుతో ముఖం తుడుచుకుంటూ పోయింది.

నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు. ఆమెకు చెప్పాలనుకుని పన్నెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు చెప్పుకోవడానికి మనిషి లేదు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

తిరుచానూరులో మా కాలం ఆడపిల్లలు చాలామందికి ఆమె లెక్కల టీచరు. నాకు ఎనిమిది నుంచి పది దాకా చెప్పింది. ముప్పై నిండకముందే ఆమె భర్త పోయాడు. పిల్లలు లేరు. రిటైరయ్యాక కొండకు పోయి సేవ చేసుకుంటుందనో, టీవీ ముందు కూర్చుంటుందనో అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం రోజూ ఏడున్నరకల్లా గుడ్డ సంచి, నల్ల గొడుగు పట్టుకుని బజారుకు బయలుదేరేది. సొంతంగా వ్యాపారం చేసుకునే ఆడవాళ్లలో ఎవరో ఒకరికి ఆ పూట బోణీ చెయ్యడం ఆమె తనకు తాను పెట్టుకున్న ఉద్యోగం. లెక్కల టీచరు గదా, దానికీ ఒక టైంటేబుల్ ఉండేది. సోమవారం ఇడ్లీ బండి, మంగళవారం జెరాక్స్ అంగడి, అట్లా. ఎవరికైనా బేరాలు లేవని తెలిస్తే టైంటేబుల్ పక్కన పెట్టి అక్కడికి పోయేది. జెరాక్స్ తీయించడానికి పాపం ఆమె దగ్గర ఏముంటుంది? తన రేషన్ కార్డునే మళ్లీ మళ్లీ తీయించేది. తిరుపతి మొత్తంలో అన్ని కాపీలున్న రేషన్ కార్డు ఇంకొకటి ఉండదు.

మొదట్లో అందరూ జంకారు. పొద్దున్నే పసుపుకుంకాలు లేని మనిషి చేత బోణీ ఏమిటని. ఇడ్లీ బండి ఆమె ఒక రోజు వేరే దారి లేక ఒప్పుకుంది. వాన పడుతోంది, ఇంకెవరూ రాలేదు, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. టీచరమ్మ గొడుగు కింద నిలబడి నాలుగు ఇడ్లీలు తినింది. వాన వెలిసింది, జనం వచ్చారు, తొమ్మిదికల్లా గిన్నెలు ఖాళీ. అప్పటి నుంచి టీచరమ్మ చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె నవ్వేది. "ఇడ్లీ మెత్తగా ఉండె, అమ్ముడుపోయె. నా చేతిలో ఏముండాది, సుద్దముక్క పొడి తప్ప" అనేది.

ఇక నా సంగతి.

పైపులు, కొళాయిలు, వైర్లు, మేకులు అమ్మే ఈ అంగడి మా నాయనది. ఆయన పోయాక ఏడు నెలలు మూతపడింది. బంధువులంతా అద్దెకిచ్చెయ్యమన్నారు. నేను అప్పటికి పాలిటెక్నిక్ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. నేనే తెరుస్తానన్నాను. "ఆడబిడ్డ దగ్గర పైపులు ఎవురు కొంటారే అమ్మణ్ణీ?" అని అమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు పంతులుగారిని అడిగి మంచి ముహూర్తం పెట్టించింది. అమ్మ అంటే అదీ.

మా ఇంటి ముందు గదే అంగడి. అంగడికీ ఇంటికీ మధ్య ఒక గళ్ల పరదా. తెరిచిన రోజు పొద్దున నేను గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. అమ్మ పరదా వెనక నిలబడింది. మంచి పూట తన ముఖం ఎవరికీ ఎదురు కాకూడదని ఆమె భయం. నాయన పోయినప్పటి నుంచి పెళ్లిళ్లకు పోదు, ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే వాకిట్లోకి రాదు. నేనూ దాన్ని వింతగా అనుకోలేదు. అందరి ఇళ్లల్లోనూ చూసిందే గదా.

ఎనిమిది దాటగానే మొదట మెట్టెక్కింది టీచరమ్మ. ముఖం నిండా సంతోషం. గొడుగు గల్లాపెట్టె పక్కనున్న కొక్కేనికి తగిలించి, "ఒక వాషరు ఇయ్యి పాపా" అంది. పరదా కదిలింది. అమ్మ చెయ్యి మాత్రమే కనపడింది. వద్దు వద్దని ఊపుతోంది.

నేను ఏం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ నోరు రాదు. "ఇంకా సరుకు సర్దలేదు టీచర్. రొంతసేపు ఆగి రండి" అన్నాను.

వెనక అరలన్నీ నిండుగా సర్ది ఉన్నాయి. వాషర్ల డబ్బా నా మోచేతి పక్కనే మూత తీసి ఉంది. ఆమె ఆ డబ్బా వైపు చూసింది, పరదా వైపు చూసింది. "సరే పాపా, ఆగుతా" అని గొడుగు తీసుకుని, పక్కనే మూసి ఉన్న అంగడి మెట్టు మీద పోయి కూర్చుంది.

గంటన్నర కూర్చుంది. ఆ గంటన్నరలో వచ్చినవాళ్లు వచ్చారు, పోయినవాళ్లు పోయారు. "మగోళ్లు ఎవురూ లేరామ్మా?" అని ఒకాయన. "మీ నాయన ఉన్నప్పుడు..." అని ఇంకొకాయన. ఒక్కరూ ఏమీ కొనలేదు. కొనడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి ఎండ పెరిగే కొద్దీ కాళ్లు ముడుచుకుంటూ నీడలోకి జరుగుతోంది. చివరికి ఒక ఆటో అతను వచ్చి బల్బు కొన్నాడు. అతను పోగానే టీచరమ్మ లేచి చీర దులుపుకుని వచ్చింది. "ఇప్పుడు సర్దినావా పాపా?" అంది. ఎత్తిపొడుపు కాదు. బడిలో ఆలస్యంగా లెక్క పూర్తి చేసిన పిల్లను అడిగినట్టే అడిగింది. వాషరు తీసుకుని, దేవుడు చల్లగా చూడాలని దీవించి పోయింది.

ఆ తర్వాత వారంలో ఒక్క రోజన్నా మా అంగడికి రాకుండా లేదు. కానీ బోణీ మాత్రం చేసేది కాదు. ఊళ్లో ఆడవాళ్లందరి దగ్గరా మొదటి బేరం ఆమెది, మా అంగట్లో ఎప్పుడూ రెండో బేరమే. ముందే వచ్చినా ఆ పక్క మెట్టు మీద కూర్చునేది. ఎవరో ఒకరు ఏదో ఒకటి కొన్నాక లేచి వచ్చేది. మిగతావాళ్లు, "టీచరమ్మ నీకు బోణీ చెయ్యదేమే?" అని అడిగితే నేను మాట మార్చేదాన్ని.

ఆమె కొనేది దాదాపు ఎప్పుడూ వాషరే. ఒక చిన్న స్పానరు కూడా నా దగ్గరే కొనుక్కుంది. కొన్న వాషరు వృథా పోకూడదని కారే కొళాయిల కోసం వెతుక్కుంటూ పోయేది. అరవై దాటాక స్పానరు తిప్పడం నేర్చుకుంది. వాళ్ల వీధిలో కారే కొళాయంటూ లేకుండా పోయింది. తర్వాత పక్క వీధి మీద పడింది.

అట్లాగని ఆమె నా దగ్గర కళ్లు మూసుకుని కొనేదనుకోకండి. ఒకసారి ప్లాస్టిక్ కొళాయి ఒకటి తీసుకుపోయి నాలుగో రోజే వెనక్కి తెచ్చి నా ముందు పెట్టింది. మెడ దగ్గర పగిలింది. "కంపెనీ సరుకే అట్లుండాది టీచర్, నేనేం చేసేది?" అన్నాను. "కంపెనీ ఎవురో నాకు తెలీదు. నాకు తెలిసింది నువ్వు" అంది. నాకు కోపం వచ్చింది. వేరేది ఇచ్చాను గానీ ముఖం మాడ్చుకునే ఇచ్చాను. ఆమె పట్టించుకోలేదు. "ఆడపిల్ల అంగడని జాలిపడి కొనేవాళ్లు ఒక్కసారే కొంటారు పాపా. సరుకు బాగుంటే ఏడాదంతా కొంటారు" అని చెప్పి పోయింది. ఆ వారమే నేను సరుకు తెచ్చే చోటు మార్చాను. ఈ రోజు నా అంగడికి ఏమైనా మంచి పేరుంటే అది ఆ పగిలిన కొళాయి పుణ్యమే.

ఒక ఏడాది మహిళా దినోత్సవానికి మా ప్రాంతపు వర్తకులంతా కలిసి కల్యాణ మండపంలో సభ పెట్టారు. వ్యాపారం చేసే మా ఐదుగురు ఆడవాళ్లకు శాలువాలు, జ్ఞాపికలు. స్త్రీ శక్తి మీద ఉపన్యాసాలు. ముఖ్య అతిథి అప్పుడే లాడ్జి కట్టిస్తున్న ఒక పెద్దమనిషి. నాకు శాలువా కప్పి, ఇట్లాంటి ఆడపిల్లలు దేశానికి కావాలన్నారు. నాకూ ఒళ్లు పొంగింది, అబద్ధమెందుకు.

సభ అయ్యాక టీ తాగే చోట టీచరమ్మ ఆయన దగ్గరికి పోయి నిలబడింది. "మా పాపకు శాలువా కప్పినారు, శానా సంతోషం సార్. ఈ ఎండల్లో అది బీరువాలోకే పోతాది. మీ లాడ్జికి పైపులు యాడ కొంటా ఉండారు?" అంది.

ఆయన కప్పు పట్టుకుని తడబడ్డారు. చెన్నై నుంచి తెప్పిస్తున్నామన్నారు.

"దేశానికి కావాల్సిన పిల్ల మీ లాడ్జికి పనికి రాదా సార్? ఎనిమిదో తేదీ మీరు వచ్చినారు. తొమ్మిదో తేదీ మీ మేస్త్రీని పంపించండి. సరుకు చూసి, రేటు చూసి, నచ్చితేనే కొనమనండి. నచ్చకుంటే మళ్లా రావద్దు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు. మరుసటి రోజు మేస్త్రీ నిజంగానే వచ్చాడు, ఆముదం తాగిన ముఖం పెట్టుకుని. "ఈడ మగోళ్లు లేరా?" అన్నాడు. లేరు, పైపులున్నాయి అన్నాను. పైపు గోడ మందం గోరుతో తట్టి చూశాడు, వంచి చూశాడు, లిస్టు తీసి ఇచ్చాడు. ఆ లాడ్జి పూర్తయింది, ఆ తర్వాత ఇంకో మూడు కట్టాడు. ఇప్పటికీ అతను నా దగ్గరికే వస్తాడు. శాలువా ఎక్కడుందో నాకు గుర్తులేదు.

శూన్యమాసంలో కొత్త ఇళ్ల పనులు మొదలుపెట్టరు. మా లాంటి అంగళ్లకు ఈగలు తోలుకునే నెల. ఆ నెలంతా టీచరమ్మ రోజూ వచ్చేది. బేరం ఉన్నా లేకపోయినా తెరవమనేది. "మూసిన అంగడి ముందర మనిషి రెండుసార్లు నిలబడతాడు. మూడోసారి దోవ మార్చేస్తాడు. పండగప్పుడు అందరూ వస్తారు పాపా, శూన్యమాసంలో వచ్చేవాళ్లే మనవాళ్లు" అనేది. ఆ మాట అంటూ కూడా పక్క మెట్టు మీదే కూర్చునేది, ఎవరో ఒకరు బోణీ చేస్తారేమోనని ఎదురుచూస్తూ. అట్లాంటి ఒక నెలలోనే నేనిక ఉండబట్టలేకపోయాను. పదిన్నరయింది, ఒక్క మనిషి రాలేదు, బయట నిప్పులు చెరిగే ఎండ. వాషరు చేతిలో పట్టుకుని మెట్టు దగ్గరికి పోయాను. "లోపలికి రండి టీచర్. బోణీ మీరే చెయ్యండి" అన్నాను. క్షమించమనే మాట కూడా నోటి చివరి దాకా వచ్చింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది గానీ వాషరు తీసుకోలేదు. "ఆ పొద్దు నువ్వు ఆపింది నన్నొక్కదాన్నే గాదు పాపా. పరదా వెనక నీ తల్లి నిలబడి ఉంటే ముందు ఆమెను ఆపినావు, తర్వాత నన్ను. ముందు ఆమెను రానీ. ఆమె వెనకాల నేను చేస్తా" అంది.

అమ్మ నా చేత ఆమెను ఆపించిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. నేను అమ్మను ఆపినట్టు నాకెప్పుడూ తోచలేదు.

అంతకుముందు ఒకసారి మా పెరట్లో కొళాయి బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు ఆమె అమ్మతోనే నేరుగా మాట్లాడిందని తర్వాత గుర్తొచ్చింది. వాషర్లు అమ్మే ఇంట్లో కొళాయి కారుతుంటే నాలుగు నెలలు బకెట్టు పెట్టుకున్నాం, మా సంగతి అది. స్పానరు తిప్పుతూ టీచరమ్మ అడిగింది. "నీ బిడ్డ అంగట్లోకి నువ్వు రాకుంటే ఇంకెవురొస్తారమ్మా?"

"నా మొగం చూసి ఎవురన్నా ఎనక్కి పోతే బిడ్డ బతుకేమైతాది టీచరమ్మా?" అంది అమ్మ.

"నా మొగం చూసి ముప్పై ఏండ్లు ఆడపిల్లలు లెక్కలు నేర్చుకున్నారు. ఫెయిలైన పిల్లోళ్లు చదవక ఫెయిలైనారు గానీ నా మొగం చూసి గాదు. పసుపుకుంకాలు చూసి మేకు గోడలో దిగుతాదా?"

అమ్మ నవ్వింది. నాయన పోయాక నేను విన్న మొదటి నవ్వు అది. కానీ పరదా దాటలేదు. మెట్టు దగ్గర ఆ మాట విన్నాక నేను రెండు మూడుసార్లు పిలిచాను, "ఊరుకో అమ్మణ్ణీ, అంగడి చల్లగా ఉండనీ" అని లోపలికి పోయేది. నేనూ గట్టిగా పట్టు పట్టలేదు. రేపు చూద్దాంలే, వచ్చే మంచి రోజు చూద్దాంలే అనుకుంటూ ఉండిపోయాను. నిజం చెప్పాలంటే నాలోనూ ఒక మూల ఆ భయం ఉండింది. వ్యాపారం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది గదా అనే పిరికితనం. టీచరమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. వచ్చి, మెట్టు మీద కూర్చుని, రెండో బేరం చేసి పోయేది. చనిపోవడానికి రెండు రోజుల ముందు కూడా అంతే.

ఆమెను చివరిసారి చూడడానికి వాళ్లింటికి పోతే వరండా నిండా మేమే. ఇడ్లీ బండి ఆమె, జెరాక్స్ అంగడి అమ్మాయి, పూల అక్క, ఇంకా నాకు తెలియని ఎంతోమంది ఆడవాళ్లు. టీచరమ్మ తమ్ముడి కొడుకు అందరినీ చూసి, మా అత్తకు ఇంతమంది చుట్టాలున్నారని తెలీదన్నాడు. రేపు అంగళ్లు మూసేద్దామా అని ఎవరో అన్నారు. ఇడ్లీ ఆమె వెంటనే, "మూస్తే తిడతాది" అంది. ఏడుస్తూనే అందరం నవ్వాం.

అందుకే మరుసటి పొద్దున ఎప్పటిలాగే షట్టరు ఎత్తాను. పక్క మెట్టు ఖాళీగా ఉంది. ఎనిమిదికల్లా మేస్త్రీ వచ్చాడు, పెద్ద లిస్టుతో. కొత్త లాడ్జి పని మొదలైందట. చెయ్యి చాపబోయి ఆగాను.

"ఒక్క నిమిషం మేస్త్రీ. బోణీ కాలేదు."

"నేను చేసేది బోణీ గాదా పాపా?"

"అమ్మ చేస్తాది."

అతనికి మా అమ్మ సంగతి తెలుసు. నా ముఖం చూశాడు, పరదా చూశాడు. ఇన్నేళ్ల గిరాకీ, ఈ ఒక్క మాటతో వెళ్లిపోతాడేమో అనుకున్నాను. అతను లిస్టు మడిచి జేబులో పెట్టుకుని, టీచరమ్మ కూర్చునే మెట్టు మీదికి పోయి కూర్చున్నాడు.

నేను పరదా దగ్గరికి పోయాను. అమ్మ అంతా వినింది. "నీకేమన్నా పిచ్చా? అంత పెద్ద బేరం వచ్చి నిలబడితే..." అంది.

"టీచరమ్మ నీ వెనకాల నిలబడి పన్నెండేండ్లయిందమ్మా" అన్నాను.

అమ్మ ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇక రాదనుకుని నేను మళ్లీ గల్లాపెట్టె దగ్గరికొచ్చి కూర్చున్నాను. కాసేపటికి బయట చెప్పుల చప్పుడయింది. పెరటి తలుపు తీసుకుని, పక్క సందులోంచి తిరిగి, వీధిలోంచి వచ్చింది అమ్మ. వచ్చి అందరి మాదిరి మెట్టెక్కి, గల్లాపెట్టెకు అవతలి వైపు నిలబడింది. ఆమెను అటు వైపు చూడడం నాకదే మొదటిసారి. ఏమడగాలో తెలియక అరలన్నీ కలయజూసింది.

"ఒక వాషరు ఇయ్యి" అంది.

కొంగు ముడి విప్పి నాణెం ఇచ్చింది. కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాను. అమ్మ వాషరు గుప్పిట్లో పట్టుకుని, వెంటనే పోకుండా అంగడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "ఈడ్నించి చూస్తే పెద్ద అంగడే గదే అమ్మణ్ణీ" అంది.

మేస్త్రీ లేచి లిస్టు తీశాడు. నేను డబ్బాలోంచి ఇంకో వాషరు తీసి, టీచరమ్మ గొడుగు తగిలించే కొక్కెం కింద బల్ల మీద పెట్టాను. లిస్టు పరవబోతూ మేస్త్రీ దాన్ని చూశాడు.

"ఇది ఎవురిది పాపా?"

"రెండో బేరం వాళ్లది" అన్నాను.

అతను దాన్ని వేలితో మెల్లగా ఒక పక్కకు జరిపి, మిగిలిన చోట లిస్టు పరిచాడు.